1979 ప్రోకార్ తొలి సీజను: అందరికీ ఒకే కారు ఇస్తే పందెం సమానమవుతుందా?

లాసన్స్‌బే లెక్కలు:

మన చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం గురించి మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నప్పుడు ఒక సభ్యుడు, "అందరికీ ఒకే కారు ఇచ్చి వదిలితే ఎవరు ఎంతటి మొనగాడో తేలిపోతుంది" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే 1979లో ఐరోపాలో సరిగ్గా ఆ పనే చేశారు, అదీ ఆనాటి ఫార్ములా వన్ డ్రైవర్లతో. ఆ పోటీ పేరు బీఎండబ్ల్యూ ఎమ్1 ప్రోకార్. రెండేళ్లే నడిచింది. దాని మొదటి ఏడాది గురించి ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

దాని పుట్టుక విచిత్రమైనది. పోర్షా కార్లను ఓడించాలన్న పట్టుదలతో బీఎండబ్ల్యూ పోటీల విభాగాధిపతి యోఖెన్ నీర్పాష్ ఎమ్1 అనే కారును తయారు చేయించారు. ఇంజిను డ్రైవరు వీపు వెనుక ఉంటుంది, రూపకల్పన ఇటలీకి చెందిన జూజారోది. తయారీ పనిని ఇటలీలోని లాంబొర్గీనీకి అప్పగించారు. ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోయి ఉండటంతో పని సాగక, 1978లో ఒప్పందం రద్దయింది. ఆ తరువాత కారు ఒక ఊళ్లో చట్రం, ఇంకొక ఊళ్లో శరీరం, వేరొక చోట బిగింపు అన్నట్టుగా తయారైంది. అయితే ఆ కారు పరుగెత్తవలసిన గ్రూప్ 4 అనే తరగతి పోటీల్లో అడుగు పెట్టాలంటే 400 కార్లు తయారై ఉండాలన్నది నిబంధన. కారు సిద్ధంగా ఉంది, పోటీకి అర్హత లేదు. అప్పుడు నీర్పాష్ ఫార్ములా వన్ జట్ల సంఘానికి చెందిన మాక్స్ మోస్లీతో మాట్లాడి, ఆ సంఘం పెద్ద బెర్నీ ఎకల్‌స్టన్ అండతో, ఈ కారు ఒక్కదానికే ఒక పోటీని సృష్టించారు. ఎవరి పంక్తిలోనూ చోటు దొరకనివాడు తానే విస్తరి వేసుకున్నాడన్నమాట.

ఐరోపాలో ఫార్ములా వన్ పందేలు జరిగే వారాంతాల్లో, అవే మైదానాల్లో మొత్తం ఎనిమిది పందేలు: జోల్డర్, మొనాకో, డిజోన్, సిల్వర్‌స్టోన్, హాకెన్‌హైమ్, ఆస్ట్రియాలోని ఆస్టరైక్‌రింగ్, జాండ్‌వూర్ట్, మోంజా. శుక్రవారం నాటి ఫార్ములా వన్ సాధనలో మొదటి ఐదు స్థానాల్లో నిలిచినవారికి సంస్థ సొంత ఎమ్1 కార్లు ఇచ్చి, గ్రిడ్‌లో, అంటే పందెం మొదలయ్యేటప్పుడు కార్లు నిలిచే వరుసల్లో, మొదటి ఐదు చోట్లలో నిలబెట్టేవారు. మిగతావారు సొంతంగానో వేరే జట్ల తరఫునో కారు తెచ్చుకుని వారి వెనుక నిలబడాలి. ఆ ఏడాది విజేత నీకీ లౌడా.

అందరికీ ఒకే కారు అన్న ఈ పోటీ న్యాయమైనదేనా అన్నది నా ప్రశ్న.

భీమిలి బాటసారి:

మంచి అంశం ఎత్తుకున్నారు. ముందుగా ఒక చిన్న అభ్యంతరం. మన విభాగం పేరు "టూరింగ్ కార్లు". నలుగురు కూర్చుని కుటుంబంతో ప్రయాణించే కారును పందేనికి మలిస్తే అది టూరింగ్ కారు. రెండే సీట్లు ఉన్న ఎమ్1 ఆ కోవలోకి ఎలా వస్తుందో అర్థం కాలేదు.

నిర్వాహకుడు:

అభ్యంతరం సరైనదే. అయితే ఒకే తయారీ కార్ల పందేలకు మన వేదికలో వేరే విభాగం లేదు కనుక ఇక్కడే కొనసాగనిద్దాం. దయచేసి చర్చను ఎమ్1 చుట్టూనే నడపండి. గతసారి చర్చ మధురవాడ ట్రాఫిక్ దాకా వెళ్లిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది.

సిరిపురం చిన్నోడు:

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. ఒక సందేహం ఉంది. రోడ్డు మీద తిరిగే ఎమ్1కీ, పందేల్లో పరుగెత్తిన ఎమ్1కీ ఎంత తేడా ఉండేది? పేరుకు ఒకటే అయినా లోపల వేరే యంత్రమా?

ఆటోనగర్ స్పానరు:

తమ్ముడూ, లోపలి గుండె ఒకటే, దాన్ని కొట్టుకోనిచ్చిన వేగం వేరు. రెండింటిలోనూ ఉన్నది వరుసగా ఆరు సిలిండర్లూ 24 వాల్వులూ ఉన్న 3,453 సీసీ ఇంజినే. రోడ్డు కారులో అది 277 హార్స్‌పవర్ ఇస్తుంది. ప్రోకార్‌లో నిమిషానికి 9,000 చుట్ల దాకా తిప్పి, దాదాపు 470 రాబట్టారు. ఇంజినులోకి గాలిని బలవంతంగా నెట్టే టర్బో లేకుండా, కేవలం ఊపిరి మెరుగుపరచి ఆ శక్తిని తీయడం చిన్న పని కాదు. కారు బరువు సుమారు ఒక టన్ను. ఈ రోజు మన గాజువాక రోడ్ల మీద తిరిగే ఒక మోస్తరు హ్యాచ్‌బ్యాక్ బరువు కూడా దాదాపు అంతే ఉంటుంది. దానికి ఐదారు రెట్ల శక్తి తగిలించి, వెడల్పాటి టైర్లు వేసి, వెనుక పెద్ద రెక్క బిగించారని ఊహించుకో. పొడవాటి గేర్లు వేస్తే గంటకు 310 కిలోమీటర్ల దాకా వెళ్లేది.

ఇక లెక్కల మాస్టారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. "ఒకే కారు" అన్న మాటను షెడ్డులో పనిచేసేవాడు ఎవడూ నమ్మడు. పందెం కార్లను బీఎండబ్ల్యూ పోటీల విభాగంతో పాటు ఇంగ్లండులో రాన్ డెనిస్ నడిపిన ప్రాజెక్ట్ ఫోర్, ఇటలీలో ఒసెల్లా కూడా తయారు చేశాయి. మూడు చోట్ల మూడు రకాల చేతులు బిగించిన బోల్టులు ఒకేలా ఉంటాయా? లౌడా నడిపిన కారు ప్రాజెక్ట్ ఫోర్ వారిది. రాన్ డెనిస్ షెడ్డు నేలను అద్దంలా ఉంచుతాడని ఆ రోజుల్లోనే పేరు. అటువంటి చోట తయారైన కారు గెలిచిందంటే, గెలిచినవాడు లౌడా ఒక్కడే కాదు.

లాసన్స్‌బే లెక్కలు:

స్పానరు గారూ, మీ మాటను తోసిపుచ్చను. కానీ ఒక లెక్క మీ ముందు పెడతాను. అదే 1979లో ఫార్ములా వన్‌లో లౌడా బ్రాబమ్ జట్టులో ఉన్నాడు. ఆల్ఫా రోమియో ఇంజినుతో ఆ కారు పందెం తరువాత పందెంలో మొరాయించింది. ఏడాది మొత్తం మీద ఆయనకు వచ్చినవి 4 పాయింట్లు. దక్షిణాఫ్రికాలో ఆరో స్థానానికి ఒకటి, మోంజాలో నాలుగో స్థానానికి మూడు. 1975లోనూ 1977లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన మనిషికి నాలుగంటే నాలుగే. ఆ సీజను చూసి "లౌడా పని అయిపోయింది" అనుకున్నవారు లేకపోలేదు. అదే మనిషి, అదే ఏడాది, అవే మైదానాల్లో ఎమ్1 ఎక్కి మొనాకో, సిల్వర్‌స్టోన్, హాకెన్‌హైమ్ గెలిచాడు.

మనం సాధారణంగా "ఆడలేక మద్దెల ఓడు" అని ఎగతాళి చేస్తాం. లౌడా విషయంలో సామెత తిరగబడింది. మద్దెల నిజంగానే ఓటిది. ఆ సంగతి రుజువు కావాలంటే అతనికి మరొక మద్దెల ఇచ్చి చూడవలసి వచ్చింది. ఒకే తయారీ కార్ల పోటీ చేయగలిగిన మేలు ఇదేనని నా అభిప్రాయం.

పాత డిపో:

నేను బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పందెం కార్ల గురించి నాకు తెలిసింది తక్కువే గానీ, ఒకే రకం బండ్ల గురించి చెప్పగలను. ఒకే రోజున, ఒకే చోటి నుంచి, వరుస నంబర్లతో మా డిపోకు పది బస్సులు వచ్చాయనుకోండి. మొదటి వారం వాటిని కళ్లు మూసుకుని వేరు చేయలేరు. ఆరు నెలలు గడిచేసరికి ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి సింహాచలం ఘాటు ఎక్కేటప్పుడు రెండో గేరులోనే మూలుగుతుంది, ఇంకొకటి మూడో గేరులో నవ్వుతూ ఎక్కేస్తుంది. డ్యూటీ చార్టు గోడకు అంటించగానే డ్రైవర్లు తమ పేరు కంటే ముందు బండి నంబరు చూసుకునేవారు.

ఇందులో బండి తప్పు ఎంత, నడిపినవాడి చెయ్యి ఎంత అని నేనూ చాలాసార్లు ఆలోచించాను. క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటున్న డ్రైవరు చేతికి ఇచ్చిన బండి త్వరగా పాడవుతుంది. మరునాడు ఆ బండి ఎక్కిన మంచి డ్రైవరు కూడా వెనుకబడతాడు. కనుక మొదటి సీజను మొదటి పందెంలో కార్లు సమానంగా ఉండి ఉండవచ్చు. ఎనిమిదో పందెం నాటికి అవి ఎవరి కార్లు వారివే అయిపోయి ఉంటాయి. మొదటి పందెం ఎవరు గెలిచారో ఎవరైనా చెబుతారా?

లాసన్స్‌బే లెక్కలు:

పాత డిపో గారూ, మీ ప్రశ్నకు జవాబు ఆసక్తికరమైనది. జోల్డర్‌లో జరిగిన మొదటి పందెం గెలిచింది ఎలియో డి ఏంజెలిస్. వయసు 21. ఫార్ములా వన్‌లో అదే అతని మొదటి సంవత్సరం. షాడో అనే బలహీనమైన జట్టులో ఉండి, గ్రిడ్‌లో చివరి వరుసల్లో నిలబడుతుండేవాడు. కార్లు అన్నీ కొత్తగా, మీరన్నట్టు కళ్లు మూసుకుంటే వేరు చేయలేని స్థితిలో ఉన్న రోజున, ఫార్ములా వన్‌లో ఎవరూ పట్టించుకోని కుర్రాడు గెలిచాడు. ఆ తరువాత గెలుపులు లౌడా, పికే, లౌడా, లౌడా, లఫీట్, స్టక్, స్టక్ అన్న వరుసలో వచ్చాయి. చివరికి లౌడా మొదటి స్థానంలో, హాన్స్ యోఖిమ్ స్టక్ రెండో స్థానంలో, క్లే రెగజోనీ మూడో స్థానంలో నిలిచారు.

భీమిలి బాటసారి:

నా మొదటి అభ్యంతరాన్ని ఉపసంహరించుకుని, అంతకంటే పెద్దది ఒకటి లేవనెత్తుతున్నాను. మొదటి ఐదుగురిని గ్రిడ్ ముందు నిలబెట్టడం ఏ న్యాయం? ప్రోకార్‌లో స్థానం ప్రోకార్ సాధనతోనే రావాలి గానీ వేరే కారులో తీసిన సమయంతో ఎలా వస్తుంది? ఫార్ములా వన్‌లో మంచి కారు ఉన్నవాడు అక్కడ ముందుంటాడు, ఆ ముందుండటమే ఇక్కడ కూడా అతనికి ముందు చోటు సంపాదించి పెడుతుంది. అసమానతను తొలగించడానికి పెట్టిన పోటీలోకి ఆ అసమానతనే పెద్ద తలుపు తీసి మరీ ఆహ్వానించారు. తిరునాళ్లలో ఎడ్ల పందేనికి కూడా ఇంతకంటే మంచి నియమాలు ఉంటాయి.

ఆటోనగర్ స్పానరు:

అక్కడే అసలు తమాషా ఉందండీ. ముందు నిలబెట్టినా వారికి ఒరిగింది తక్కువే. ఎనిమిదింటిలో ఐదు పందేలు లౌడా, స్టక్ ఇద్దరే పంచుకున్నారు. స్టక్ ఆ ఏడాది ఫార్ములా వన్‌లో ఏటీఎస్ అనే చిన్న జట్టులో ఉన్నాడు. శుక్రవారం నాటి మొదటి ఐదుగురిలో అతను కనిపించే అవకాశమే లేదు. అయినా జాండ్‌వూర్ట్, మోంజా వరుసగా గెలిచాడు. బీఎండబ్ల్యూ కార్లతో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి. ఆ కారు ఎప్పుడు జారుతుందో, జారినప్పుడు ఎంతవరకు జారనివ్వాలో అతనికి నడుముకు తెలుసు.

అతిథిగా వచ్చిన ఫార్ములా వన్ డ్రైవరు పరిస్థితి వేరు. శుక్రవారం దాకా అర టన్ను పైచిలుకు బరువున్న ఒంటి సీటు కారు నడిపినవాడు, శనివారం దానికి దాదాపు రెట్టింపు బరువున్న కారు ఎక్కి, దాని బ్రేకులు ఎక్కడ పట్టుకుంటాయో తెలుసుకునేలోపే జెండా ఊపేస్తారు. పెళ్లికొడుకులా ముందు కూర్చోబెట్టారు సరే, తాళి కట్టడం నేర్పలేదు. అయినా పికే డిజోన్‌లో, లఫీట్ ఆస్ట్రియాలో గెలిచారంటే వారిది నిజమైన ప్రతిభే.

సిరిపురం చిన్నోడు:

విజేతల పేర్లు వచ్చాయి గనుక అడుగుతున్నాను. ఆ ఏడాది ఫార్ములా వన్ విజేత జోడీ షెక్టర్, రెండో స్థానం జీల్ విల్నేవ్. వీరిద్దరి పేర్లూ ప్రోకార్ జాబితాలో ఎక్కడా కనిపించడం లేదు. వారు ఓడిపోయారా, ఆడలేదా?

లాసన్స్‌బే లెక్కలు:

చాలా మంచి ప్రశ్న. వారు ఆడలేదు. కారణం టైర్లు. ప్రోకార్‌కు టైర్లు ఇచ్చింది గుడ్‌ఇయర్. ఫెరారీ, రెనో జట్లు ఫార్ములా వన్‌లో మిషెలిన్ టైర్లతో ఒప్పందంలో ఉన్నాయి. ఆ ఒప్పందాల కారణంగా ఫెరారీ డ్రైవర్లు షెక్టర్, విల్నేవ్, రెనో డ్రైవర్లు జబూయ్, ఆర్నూ నలుగురూ దూరంగా ఉండిపోయారు. డిజోన్‌లో ఎమ్1 పందెం పికే గెలిచిన వారాంతంలోనే, ప్రధాన పందేన్ని జబూయ్ టర్బో ఇంజిను రెనోతో గెలిచాడు. ఫార్ములా వన్ చరిత్రలో టర్బోకు అదే మొదటి విజయం. అక్కడే విల్నేవ్, ఆర్నూ రెండో స్థానం కోసం చక్రానికి చక్రం తగిలేలా పోరాడిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ ముగ్గురినీ ఒకే రకం కార్లలో కూర్చోబెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని నిట్టూర్చడమే మనకు మిగిలింది.

కనుక "ప్రపంచంలోని ఉత్తమ డ్రైవర్లందరూ ఒకే కారులో" అన్న ప్రచారంలో "అందరూ" అన్న మాట నిజం కాదు. ఆ ఏడాది అత్యుత్తమ డ్రైవర్లు ఇద్దరూ లేని పరీక్ష అది. లౌడా మీద నాకెంత అభిమానం ఉన్నా ఈ సంగతి ఒప్పుకోక తప్పదు.

ఇంకొక చిన్న ముచ్చట. మూడో స్థానం పొందిన రెగజోనీ, లౌడా ప్రోకార్ గెలిచిన ఆ సిల్వర్‌స్టోన్ వారాంతంలోనే ఫార్ములా వన్ పందెం గెలిచాడు. విలియమ్స్ జట్టుకు అదే మొట్టమొదటి గెలుపు. ఒకప్పుడు ఫెరారీలో సహచరులుగా ఉన్న ఇద్దరు మిత్రులు ఒకే వారాంతంలో చెరొక పందెం పట్టుకుపోయారు.

భీమిలి బాటసారి:

అయితే నా తీర్పు ఇది. ప్రోకార్ మొదటి సీజను పోటీ కంటే ఎక్కువగా ప్రకటన. అమ్ముడుపోవలసిన కారు ఒకటి ఉంది. దాన్ని లక్షల మంది చూసే చోట, పెద్ద పేర్లున్న మనుషుల చేత నడిపించారు. విజేతకు ఇచ్చిన బహుమతి కూడా ఎమ్1 కారే కదా.

ఆటోనగర్ స్పానరు:

ప్రకటనే అనుకుందాం. కానీ ఆ ప్రకటన లెక్క ప్రకారం ఫలించలేదు. ఎమ్1 మొత్తం తయారైనవి 450కి కాస్త పైన, అంతే. ప్రకటనగా ఓడిపోయి పందెంగా మిగిలిపోయిన అరుదైన సంగతి ఇది. అదే ఏడాది అమెరికా చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ తన చేత్తో రంగులు పూసిన ఎమ్1 ల మాన్స్ 24 గంటల పందెంలో ఆరో స్థానంలో వచ్చింది. ఆ రంగుల కారు బొమ్మ మా షెడ్డు గోడ మీద ఇప్పటికీ ఉంది. బేరానికి వచ్చినవారు అది మా పెయింటరు పనితనం అనుకుంటారు, నేను సరిదిద్దను.

పాత డిపో:

బాబూ, అసలు విషయానికి వద్దాం. మన దేశంలో ఇటువంటి పోటీలు జరగలేదా?

లాసన్స్‌బే లెక్కలు:

జరిగాయండీ. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజినుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు కార్లను తయారు చేశారు. దేశంలో ఒక తరం డ్రైవర్లు వాటిలోనే తయారయ్యారు. 796 సీసీ ఇంజిను, అందరికీ అదే. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. సరిగ్గా మన విభాగానికి చెందినది కావాలంటే 2010లో వోక్స్‌వ్యాగన్ పోలో కార్లతో మొదలైన పోలో కప్ ఉండేది.

ఇటువంటి పోటీలలో చాలా చోట్ల స్పానరు గారి అభ్యంతరానికి మందు కనిపెట్టారు. కార్లన్నీ నిర్వాహకుల షెడ్డులోనే ఉంటాయి, ఒకే బృందం వాటిని చూసుకుంటుంది, ఇంజిన్లకు సీలు వేస్తారు. డ్రైవరు శిరస్త్రాణంతో వచ్చి, తనకు కేటాయించిన కారు ఎక్కాలి. 1979లో ప్రాజెక్ట్ ఫోర్ చేయగలిగినంత మెరుగులు దిద్దడానికి అక్కడ ఎవరికీ వీలుండదు. పోతే, ఆ పద్ధతిలో మెకానిక్ ప్రతిభ కనిపించకుండా పోతుంది. అది లాభమో నష్టమో స్పానరు గారే చెప్పాలి.

ఆటోనగర్ స్పానరు:

నష్టమే. నా పొట్ట మీద కొట్టే పద్ధతిని నేనెలా మెచ్చుకుంటాను? రాన్ డెనిస్ వంటివాడు బయటపడింది ప్రోకార్ వంటి చోటనే కదా. 1980లో అతని ప్రాజెక్ట్ ఫోర్, ఫార్ములా వన్ జట్టు మెక్‌లారెన్‌తో కలిసిపోయింది. మోంజా తరువాత మూడు వారాలకే మాంట్రియల్‌లో సాధన మధ్యలో ఫార్ములా వన్‌కు స్వస్తి చెప్పి వెళ్లిపోయిన లౌడాను, 1982లో మళ్లీ తీసుకొచ్చినవాడూ అతనే. 1984లో ఇద్దరూ కలిసి ప్రపంచ విజేతలయ్యారు. 1979లో ఆ షెడ్డులో కుదిరిన నమ్మకం అక్కడిదాకా నడిచిందని నా ఊహ. అందరి కార్లకూ సీలు వేసి ఉంటే ఒక మంచి మెకానిక్‌ను ఒక మంచి డ్రైవరు గుర్తుపట్టేవాడా?

సిరిపురం చిన్నోడు:

పెద్దలందరికీ ధన్యవాదాలు. నా అనుభవం ఒకటి చెప్పి సలహా అడుగుతాను. మేము ముగ్గురు మిత్రులం అప్పుడప్పుడు అద్దెకు కార్టులు, అంటే చిన్న పందెం బండ్లు, తీసుకుని నడుపుతాం. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే ఇంజిను. అయినా ఏడో నంబరు కార్టు ఎవరికి దొరికితే వారే గెలుస్తారని మా గట్టి నమ్మకం. గెలిచినవాడు మాత్రం తన గొప్ప అంటాడు. దీన్ని ఎలా తేల్చుకోవాలి?

పాత డిపో:

నాయనా, మా డిపోలో చేసిన పనే చెయ్యి. డీజిల్ వాడకం లెక్క తేలనప్పుడు మేము డ్రైవర్లను మార్చి మార్చి నడిపించేవాళ్లం. మీరు ముగ్గురు, కార్టులు మూడు తీసుకోండి. ప్రతి ఒక్కరూ ప్రతి కార్టునూ నడపండి. మొత్తం తొమ్మిది పరుగులు. ఒక్కో పరుగులో అత్యుత్తమ ల్యాప్ (ఒక చుట్టు) సమయం కాగితం మీద, మనిషికో అడ్డ వరుస, కార్టుకో నిలువు వరుస చొప్పున రాయండి. అడ్డంగా చూస్తే బండి గుణం, నిలువుగా చూస్తే మనిషి గుణం కనిపిస్తుంది. టైర్లలో గాలి ముందే చూసుకోండి. బరువు తక్కువున్నవాడికి కాస్త లాభం ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

భీమిలి బాటసారి:

ఈ పని 1979లో చేసి ఉంటే బాగుండేది. ఎనిమిది పందేలు, ఎనిమిది కార్లు, చీటీ తీసి కారు ఎక్కడం. అప్పుడు నేను నోరెత్తేవాడిని కాదు.

సిరిపురం చిన్నోడు:

ఆదివారం ఉదయం తొమ్మిది పరుగులూ పూర్తి చేశాము. ఫలితం ఇక్కడ రాస్తున్నాను. మా అనుమానం నిజమే. ఎవరు నడిపినా ఏడో నంబరు కార్టే అన్నింటికంటే వేగంగా వెళ్లింది. ముగ్గురికీ తమ తమ అత్యుత్తమ సమయం దానిలోనే వచ్చింది. అయితే నిలువుగా చూసినప్పుడు, మూడు కార్టుల్లోనూ మొదటి స్థానం ఒకే మిత్రుడిది. అతను మా ముగ్గురిలో బరువైనవాడు కూడా. నేను మూడింటిలోనూ చివర ఉన్నాను.

ఆ కాగితాన్ని వాడు ఫోటో తీసి తన గది తలుపుకు అంటించుకున్నాడు.